ఐరన్ తీసే మందు, పిప్పి పన్ను

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన నాటికి తలసీమియా అనే రక్త జబ్బుకు పేరే లేదు. 1925లో అమెరికాలోని డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు దాన్ని విడిగా గుర్తించాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ముదిరే జబ్బు కాబట్టి, మేనరికాలు మామూలైన మన సీమలో దానికి దారి సులువు. రక్తం ఎక్కిస్తే బిడ్డ కోలుకుంటుంది గానీ, ఒక్కో సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లో చేరుతుంది. ఒళ్లు రోజుకు బయటికి పంపగలిగేది సుమారు 1 మిల్లీగ్రామే. మిగిలిందంతా గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. ఆ ఐరన్‌ను బయటికి తీసే డెస్ఫెరాల్ 1960లలో వచ్చింది. 1970ల చివరికి దాన్ని చర్మం కింద సూది గుచ్చి, చిన్న పంపుతో రాత్రంతా ఎక్కించడం మొదలైంది. నోటితో మింగే డెఫెరిప్రోన్ 1990ల నడుమ మన దేశంలోనే ముందుగా అమ్మకానికి వచ్చింది. యూరప్ 1999లో, అమెరికా 2011లో ఒప్పుకున్నాయి. రోజుకొక్కసారి తాగితే చాలనే డెఫెరాసిరాక్స్‌ను అమెరికా 2005లో ఆమోదించింది. ఇవేవీ లేనప్పుడు రక్తం ఎక్కించుకున్న పిల్లలు కూడా చాలామంది ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా గుండె చెడి చనిపోయేవాళ్లు. పిప్పి పన్ను గురించి దిగులు పడే వయసును ఇచ్చిందే ఐరన్ తీసే మందు. పళ్లు పుచ్చిన నేరం దాని మీద వేయడం అన్యాయం. ఆ అనుమానంతో మాత్ర మానిపిస్తే ఐరన్ మళ్లీ గుండెకు చేరుతుంది.

మరి పళ్లెందుకు పుచ్చుతున్నాయి? ఈ జబ్బులో ఎముకల్లో మూలుగ ఉబ్బి పై దవడ ముందుకొస్తుంది. ఎత్తు పళ్ల మీద పెదవులు మూతపడక నోరు ఎండుతుంది. లాలాజల గ్రంథుల్లో ఐరన్ చేరితే నోటి తడి ఇంకా తగ్గుతుంది. దానికి తోడు మందు గ్లాసు. డెఫెరాసిరాక్స్ కరిగే మాత్రను నీళ్లలోనే కాదు, కమలా రసంలోనూ కలపవచ్చు. ఖాళీ కడుపున తాగించి, అడుగున మిగిలిన తెల్లటి మడ్డిలో మరికాస్త పోసి తిప్పి అదీ తాగించాలి. ఆ రసంలోని తీపీ పులుపూ ఏళ్ల తరబడి రోజూ పళ్లను తడుపుతాయి. నీళ్లలోనే కలిపి, తాగాక నోరు పుక్కిలిస్తే ఆ బాధ తప్పుతుంది.

ముందు ప్రాణం, పళ్లు తర్వాత అనేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ప్లీహం తీసేసిన బిడ్డకు పంటి చీము రక్తంలోకి పాకితే ప్రాణం మీదికే వస్తుంది. డెఫెరిప్రోన్ కొందరిలో తెల్లకణాలను పడగొడుతుంది, నోటిపుండు దానికి తొలి గుర్తు కావచ్చు. కడపలో 2006లో రిమ్స్ ఆసుపత్రి వచ్చింది, ప్రభుత్వ దంత వైద్య కళాశాలా అక్కడే ఉంది. పన్ను పూడ్చాలన్నా పీకాలన్నా రక్తం ఎక్కించిన వెంటనే వచ్చే రోజులే అనువు. ప్రొద్దుటూరు నుంచో పులివెందుల నుంచో బిడ్డను తీసుకొచ్చిన తల్లికి రక్తం చీటీతో పాటే పళ్ల డాక్టరు చీటీ కూడా రాసిస్తే, ఇంకోసారి బస్సు ఛార్జీలు పెట్టుకోనక్కర్లేదు.