నెల్లూరు తీరంలో ప్రకృతి వైపరీత్యాలు, సామాజిక బంధాలు

బంగాళాఖాతం వెంబడి ఉన్న నెల్లూరు తీరం ఆంధ్ర ప్రదేశ్‌లో తుఫానుల తాకిడికి తరచుగా గురయ్యే ప్రాంతాలలో ఒకటి. వైపరీత్యాలు ఇళ్ళను, పడవలను, పంటలను నష్టపరచడమే కాక ప్రజల మధ్య నమ్మకాన్ని, సహకారాన్ని, కట్టుబాట్లను కూడా మారుస్తాయి. ఈ బంధాల సముదాయాన్ని సామాజిక శాస్త్రవేత్తలు సామాజిక మూలధనం అంటారు. ఆపదలో తొలి సహాయం ఈ బంధాల ద్వారానే అందుతుంది. అయితే వాటికి వెలుపల ఉన్నవారు సహాయానికి దూరమయ్యే ప్రమాదం కూడా ఉన్నది.

తీరప్రాంత సమాజం

ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరం కావలి ప్రాంతం నుండి దక్షిణాన పులికాట్ సరస్సు వరకు వ్యాపించి ఉన్నది. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం ఇక్కడి తీరగ్రామాలలో కొన్ని. సముద్రపు వేట ప్రధానంగా పట్టపు కులస్థుల వృత్తి. వేట నియమాలను, తగవులను కులపెద్దలు పరిష్కరిస్తారు. రాబడిని పడవకు, వలలకు, వేటకు వెళ్ళినవారికి వాటాలుగా పంచుకొంటారు. వాగులలో, కాలువలలో చేపలు పట్టే యానాదులు ఎక్కువగా ఊరికి విడిగా ఉన్న కాలనీలలో నివసిస్తారు.

ప్రధాన వైపరీత్యాలు

* 1984 నవంబరు: శ్రీహరికోట సమీపంలో తీరం దాటిన తుఫాను వలన ఆంధ్ర ప్రదేశ్, తమిళనాడులలో కలిపి 600 మందికి పైగా మరణించారు.
* 1989 నవంబరు: థాయిలాండ్‌ను ధ్వంసం చేసిన "గే" తుఫాను బంగాళాఖాతం దాటి కావలి సమీపంలో తీరాన్ని తాకింది.
* 2004 డిసెంబరు 26: సుమత్రా తీరంలోని భూకంపం వలన వచ్చిన సునామీలో రాష్ట్రంలో 100 మందికి పైగా మరణించారు. వేలాది మత్స్యకారులు పడవలు, వలలు కోల్పోయారు.

1977 దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించగా, అత్యంత తీవ్రమైన 1989 తుఫానులో మృతుల సంఖ్య 100 లోపే ఉన్నది. ముందస్తు హెచ్చరిక, ప్రజల తరలింపు ఇందుకు ముఖ్య కారణాలు. ఇల్లు, వలలు వదిలి కదలాలంటే హెచ్చరిక చెప్పినవారిపై నమ్మకం అవసరం. సునామీకి అటువంటి హెచ్చరిక లేదు. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది.

బంధాల బలం, పరిమితి

తమిళనాడు సునామీ గ్రామాలను పరిశీలించిన డేనియల్ ఆల్డ్రిచ్ 2012లో వెలువరించిన గ్రంథంలో రెండు విషయాలు గుర్తించాడు. బలమైన కుల పంచాయతీ, బయటి సంస్థలతో పరిచయం ఉన్న గ్రామాలకు సహాయం ఎక్కువగా చేరింది. అదే పంచాయతీలలో చోటు లేని దళితులు, స్త్రీలు వెనుకబడ్డారు.

నెల్లూరు తీరంలోని సమాజ నిర్మాణం కూడా ఇటువంటిదే. పరిహారం పడవ యజమాని పేరున లెక్కిస్తే వాటా కూలీ, చేపలమ్మే స్త్రీ, పడవ లేని యానాది జాబితాలోకి రారు. 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తరువాత జిల్లాలో విస్తరించిన పొదుపు సంఘాలు స్త్రీలకు కులపెద్దలతో నిమిత్తం లేని మరొక ఆధారాన్ని కల్పించాయి. నష్టాల జాబితాను గ్రామసభలో అందరి ఎదుట చదివి సరిచూడటం మరొక మార్గం.

ఇవి కూడా చూడండి

* దివిసీమ ఉప్పెన
* యానాదులు
* సారా వ్యతిరేక ఉద్యమం
* పులికాట్ సరస్సు