చదువు - సైనికుడు - దినముల లెక్క

సైనికునకు పతకముతోపాటు చదువును గూడ ఈయవలెనని అమెరికా 1944 జూన్ 22న శాసనము చేసెను. అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకమిడిన ఆ శాసనము, యుద్ధమునుండి మరలివచ్చిన లక్షలాది మందికి కళాశాలల ద్వారములు తెరచెను. కాని నెలకొక వారాంతమున కవాతుచేసి, తక్కిన దినములలో పొలమునో కర్మాగారమునో చూచుకొను నేషనల్ గార్డు సైనికునకు, ఆ సేవ మాత్రముచేత అందులో పాలు లేకపోయెను.

ఈ కొరతను 1984 నాటి శాసనము కొంత తీర్చెను. మిసిసిపీ ప్రతినిధి మాంట్‌గోమరీ పేర వెలసిన ఆ శాసనము, ఆరేండ్ల సేవకు ఒప్పుకొన్నవారికి మొదట నెలకు 140 డాలర్ల వరకు, 36 నెలలపాటు ఇచ్చెను. 2001 తరువాత వీరిలో ననేకులను ఇరాకు, ఆఫ్ఘనిస్తానములకు పంపిరి. 2008 నాటి శాసనము సాయమును పెంచినను, పూర్తి భాగమునకు సాధారణముగా 36 నెలల పూర్తికాలపు సేవను కోరెను. వారాంతపు కవాతులను లెక్కకు చేర్చలేదు.

ఎక్కువకాలము సేవించినవానికి ఎక్కువ ముట్టుట న్యాయమే. కాని పిలుపు వచ్చిననాడు సగము సైనికుడనువాడు లేడు. సిద్ధముగ నుండుటయు సేవయే గదా! దానికి వెల కట్టుటెట్లు? ఈ చరిత్ర మనముందుంచు ప్రశ్న యిదియే.