కారు టైర్ల అసమాన అరుగుదల, చక్రాల వదులు

కారు టైరు రోడ్డును తాకే భాగమంతా ఒకే తీరున అరగక, ఒక అంచునో, నడుమనో, అక్కడక్కడ మచ్చలుగానో ఎక్కువగా అరిగిపోవడాన్ని అసమాన అరుగుదల అంటారు. చక్రాన్ని హబ్‌కు పట్టి ఉంచే నట్లు, బోల్టులు, స్టడ్‌లు సడలిపోవడం దీనికంటే వేరైన లోపం. అయినా రెండింటినీ కలిపి పరిశీలించవలసి ఉంటుంది. ఎందుకనగా డ్రైవరుకు మొదట తెలిసే లక్షణం తరచుగా రెండింటిలోనూ ఒక్కటే: కారు అదరడం. అసమాన అరుగుదల నెలల తరబడి సాగే నష్టం. నట్లు సడలితే నడుస్తున్న కారు నుండి చక్రమే ఊడిపోవచ్చును. అందువలన కొత్తగా అదురు మొదలైనప్పుడు టైరును చూడడానికి ముందు నట్లను చూడవలెను.

అరుగుదల తీరు, కారణాలు

టైరు బయటి ముఖంపై గాడులతో ఉండే మందమైన రబ్బరు పొరను ట్రెడ్ అంటారు. కొత్త కారు టైరులో గాడుల లోతు సుమారు 8 మి.మీ. ఉంటుంది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కార్లకు ఇది 1.6 మి.మీ. కంటే తగ్గరాదు. గాడుల అడుగున అంత ఎత్తులో చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. ట్రెడ్ వాటితో సమానమైతే టైరు మార్చవలసిందే.

లోతును లోపలి అంచు, నడుమ, బయటి అంచు అనే మూడు చోట్ల కొలవాలి. లోపలి అంచు నిలబడి చూస్తే కనబడదు. బయటి వైపు బాగున్న టైరు లోపలి వైపు తీగలు తేలేదాకా అరిగి ఉండడం అరుదేమీ కాదు. ముందు చక్రాలను స్టీరింగుతో పూర్తిగా తిప్పి, వెనుక చక్రాలను వంగి చూడాలి.

రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువగా ఉంచి నడిపినట్లు. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్లు. అయితే రేడియల్ టైర్లలో ఉక్కు తీగల పట్టీ ఉండడం వలన ఈ రెండవ గుర్తు అంత స్పష్టంగా కనబడకపోవచ్చును. గాలి ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన చీటీలో ఉంటుంది. టైరు పక్క గోడపై అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే పీడనం సుమారు 1 పీ.ఎస్.ఐ. పెరుగుతుంది. ఎండాకాలంలో దూరప్రయాణం నడుమ కొలిచి, ఎక్కువైందని గాలి తీయించేవారు ఉన్నారు. మరునాటి ఉదయానికి అదే టైరులో గాలి చాలదు, అంచుల అరుగుదల అక్కడే మొదలవుతుంది.

ఒకే అంచు అరిగితే చక్రం నిలువుగా కాక లోపలికో బయటికో వాలి ఉన్నదని (కాంబర్ దోషం) అనుమానించాలి. ఒక ఇరుసుపై ఉన్న రెండు చక్రాల ముందు భాగాలు ఉండవలసిన దానికంటే దగ్గరకో దూరంగానో తిరిగి ఉంటే (టో దోషం) ట్రెడ్‌పై రంపపు పళ్ళ వంటి గరుకు ఏర్పడుతుంది. ఇది కంటికంటే అరచేతికి బాగా తెలుస్తుంది. చేతిని అడ్డంగా నిమిరితే ఒక దిశలో నునుపుగా, ఎదురు దిశలో గరుకుగా తగులుతుంది. తీగలు బయటపడిన టైరును మాత్రం తాకరాదు. వరుస గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడి ఉండవచ్చును, లేదా బ్యాలెన్సింగ్ తప్పి ఉండవచ్చును. ఒకే చోట పెద్ద చదును మచ్చ ఉంటే అది చక్రం పట్టుకుపోయేటట్లు బ్రేకు వేసిన గుర్తు.

నట్లు ఎందుకు సడలుతాయి

నట్టును బిగించినపుడు స్టడ్ స్ప్రింగు వలె అతి స్వల్పంగా సాగుతుంది. ఆ లాగుడు వలన రిమ్ము, హబ్ ఒకదానికొకటి గట్టిగా అదుముకొని, వాటి మధ్య ఘర్షణే భారాన్ని మోస్తుంది. నడుమ తుప్పు, మట్టి, రంగు ఉంటే అవి కొంతదూరం నడిచాక నలిగిపోయి, సరిగా బిగించిన నట్టు కూడా పట్టు కోల్పోతుంది. అడ్డంగా కలిగే కంపనాల వలన మరబోల్టులు వాటంతటవే విప్పుకుంటాయని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపాడు.

కారు ముందుకు పోవునపుడు ఎడమ చక్రం తిరిగే దిశ, మామూలు నట్టు ఊడే దిశ ఒకటే. అందువలన కొన్ని అమెరికన్ కార్లకు 1960 దశకంలో కూడా ఎడమవైపు ఎదురు మరలు ఉండేవి.

నట్టు చుట్టూ తుప్పు చారలు, రిమ్ముపై రాపిడికి మెరిసిన లోహం, కోలగా మారిన రంధ్రాలు సడలిక గుర్తులు. తక్కువ వేగంలో టక్ టక్ మను శబ్దం రావచ్చును. బ్యాలెన్సింగ్ దోషపు అదురు సాధారణంగా గంటకు 80 - 100 కి.మీ. ప్రాంతంలో వచ్చి, వేగం మారితే తగ్గుతుంది. నట్టు సడలిన అదురు నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా ఉండి, పోనుపోను పెరుగుతుంది. అటువంటప్పుడు "షాపు దాకా పోదాం" అనుకోకుండా కారును అక్కడే ఆపాలి. రంధ్రాలు కోలగా మారినా, ఒక స్టడ్ విరిగినా మళ్ళీ బిగించి సరిపెట్టుకోరాదు. రిమ్మును, స్టడ్‌లను మార్చాలి. ఒకటి విరిగినదంటే పక్కవాటిపై కూడా అధిక భారం పడినట్లే.

పరీక్షించు విధానం

చదునైన నేలపై హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలు నేలపై ఉండగానే నట్లను స్పానరుతో బిగించే దిశలో పరీక్షించాలి. తరువాత జాకీతో లేపి, స్టాండుపై నిలిపి, చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల పట్టుకొని ఊపాలి. కదిలితే బేరింగు గాని బాల్ జాయింటు గాని అరిగినట్లు. మరొకరు బ్రేకు తొక్కి ఉంచినపుడు కదలిక ఆగిపోతే దోషం బేరింగుదే. ముందు చక్రం 9, 3 అంకెల చోట మాత్రమే ఊగితే టై రాడ్ ఎండ్‌ను చూడాలి. జాకీ ఒక్కదానిపైనే నిలిచిన కారు కిందికి దూరరాదు.

బిగింపు

నట్లను వరుసగా కాక, ఎదురెదురుగా బిగించాలి. కార్లలో బిగింపు బలం చాలావరకు 80 నుండి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె కారు పుస్తకంలో ఉంటుంది. గాలి గన్నుతో అదేపనిగా బిగిస్తే స్టడ్ శాశ్వతంగా సాగి, తరువాత విరుగుతుంది. మరలకు నూనె రాసినా ఇదే ప్రమాదం, ఎందుకనగా ఘర్షణ తగ్గి అదే బలానికి లాగుడు ఎక్కువవుతుంది. అల్లాయ్ చక్రాలు వేయించినపుడు నట్టు అడుగు ఆకారం (శంకువు లేదా గోళం) రంధ్రపు ఆకారానికి సరిపోవాలి. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ 50 - 100 కి.మీ. నడిచాక నట్లను మరల సరిచూడాలి.

మరమ్మతులో ముందుగా నట్లు, బేరింగులు, బాల్ జాయింట్లు, తరువాత గాలి, బ్యాలెన్సింగ్, చివరగా అలైన్‌మెంట్ చేయించాలి. టై రాడ్ ఎండ్ వదులుగా ఉన్న కారుకు అలైన్‌మెంట్ చేయించినా, రోడ్డెక్కగానే ఆ కొలతలు మారిపోతాయి.