జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో సంప్రదాయవాద రాజకీయం

ఉత్తర తెలంగాణలోని ఈ మూడు పట్టణాల్లో సంప్రదాయవాద ధోరణికి ప్రధాన వేదిక భారతీయ జనతా పార్టీ. జగిత్యాల, కోరుట్ల నిజామాబాద్ లోక్‌సభ స్థానంలోను, సిరిసిల్ల కరీంనగర్ స్థానంలోను ఉన్నాయి.

నిజామాబాద్ స్థానంలో ప్రభుత్వంపై నమ్మకానికి అసలు పరీక్ష పసుపు. మద్దతు ధర, పసుపు బోర్డు కోరుతూ 2019లో 178 మంది రైతులు అక్కడ లోక్‌సభకు పోటీచేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పోలింగ్ కేంద్రాల్లో ఒక్కో ఓటింగ్ యంత్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు జోడించాల్సి వచ్చింది. బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్, టీఆర్ఎస్ సిట్టింగ్ ఎంపీ కవితను ఓడించారు. నోటిమాటను నమ్మని రైతుకు కాగితం రాసివ్వక తప్పలేదన్నది గమనించాల్సిన సంగతి. బోర్డు మొదలైంది మాత్రం 2025 జనవరి 14న. ఈలోగా 2023లో కోరుట్ల అసెంబ్లీకి పోటీచేసి అర్వింద్ ఓడారు. 2024లో మళ్లీ ఎంపీ అయ్యారు. సిరిసిల్లలోనూ ఓటు ఇలాగే చీలింది: అసెంబ్లీకి బీఆర్ఎస్ నేత కె.టి.రామారావు, లోక్‌సభకు బీజేపీ నేత బండి సంజయ్.

ప్రజారోగ్య విధానం ఈ ప్రాంతాన్ని నేరుగా తాకింది బీడీల విషయంలో. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే ఆడవాళ్ల కూలితో నడిచే ఇళ్లు ఇక్కడ ఎన్నో. పొగాకు ప్యాకెట్లపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు 2016 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. బీజేపీ ఎంపీ దిలీప్ గాంధీ అధ్యక్షతన పార్లమెంటరీ సంఘం జీవనోపాధిని చూపి, బొమ్మ 50 శాతం చాలంది, కేంద్రం ఒప్పుకోలేదు. పొగాకు దుమ్ము పీల్చే కార్మికురాలి ఆరోగ్యానికి ఆ వాదనలో దక్కిన చోటు తక్కువే.