బోధిసిరి కట్టిన శాల, మనం కట్టాల్సిన శాల

నాగార్జునకొండలో దొరికిన శాసనాల్లో నా మనసుకు బాగా దగ్గరైనది బోధిసిరి అనే ఉపాసిక వేయించినది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో పద్నాలుగో ఏడు, అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. తన ఖర్చుతో ఎక్కడెక్కడ ఏమేమి కట్టించిందో ఆమె పద్దు రాసినట్టు వరసగా చెక్కించింది. శ్రీపర్వతం మీద, ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి తూర్పున, చుళధమ్మగిరి విహారంలో సింహళ థేరుల కోసం రాతి పలకలు పరిచిన చైత్యగృహం. కంటకసేలలో, అంటే ఇప్పటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. దేవగిరి మీద పధానశాల. పూర్వశైలంలో చెరువు, వసారా మండపం.

పధానశాల అంటే భిక్షువులు కూర్చుని మనసుకు సాధన చేయించే చోటు. ఆ జాబితాలో అది చెరువు పక్కనే ఉంది. చెరువు తవ్వించడం ఎంత ఊరి పనో, మనసును దిద్దుకునే హాలు కట్టించడమూ అంతే ఊరి పని అని ఆమె అనుకుంది. ఈ నేల మీద లోచూపు చదువు చరిత్ర రాయాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను చిలకలూరిపేట దగ్గర, పత్తీ మిరపా పండించే ఇంట్లో పుట్టాను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ ఎం.ఏ. చేసి, గుంటూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ల పిల్లలు కూడా ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీ గురించి అడుగుతున్నారు. ధ్యానంలోనో, భక్తిలోనో, తీరని దుఃఖంలోనో, చావు దగ్గరకొచ్చినప్పుడో ‘నేను’ అనే కంచె కాసేపు పక్కకు తొలగుతుంది. అప్పుడు మనిషిలో ఏం మారుతుంది, ఆ మార్పు బతుకులో నిలుస్తుందా అని పరిశీలించే శాస్త్రం అది. ఆంథొనీ సుటిచ్, అబ్రహాం మాస్లో వంటివాళ్ల చొరవతో 1969లో కాలిఫోర్నియాలో దానికొక పత్రిక మొదలైంది. 1975లో రాబర్ట్ ఫ్రేజర్, జేమ్స్ ఫాడిమన్ అక్కడే ఆ విద్యకు పీజీ స్థాయి సంస్థ పెట్టారు. పుస్తకాలతో పాటు ధ్యానం, ఒంటికి సాధన, తోటివాళ్లతో కూర్చుని మనసు విప్పి మాట్లాడటం, అన్నీ చదువులో భాగమే. అంతకుముందే, 1968లో, హరిదాస్ చౌధురి అనే బెంగాలీ తత్వవేత్త శాన్ ఫ్రాన్సిస్కోలో అదే దారిలో ఒక విద్యాసంస్థ స్థాపించాడు. పిల్లలు ఆ చదువుకు అంత దూరం వెళతామంటే సంతోషమే. అయితే దాని వేళ్లలో కొన్ని మన నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉన్నాయన్న సంగతి వాళ్లకు తెలియాలి.

ఇప్పుడు ఆ నీళ్ల కింద ఉన్న విజయపురి లోయలో విహారాలు కట్టించినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. రాజు మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. బోధిసిరి రాజకుటుంబీకురాలు కాదు, గోవగామ అనే ఊరికి చెందిన గృహస్థురాలు. రేవు వ్యాపారం, పంట, వృత్తుల రాబడి అక్కడ చదువుగా మారింది. సింహళ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన దేశాల వాళ్లకు సైతం ధర్మం చెప్పినవాళ్లని ఆమె శాసనమే చెబుతోంది. అంటే పరాయి దేశాల మాట వినిపించే చోటది, వాదనకు చోటున్న చోటు.

ఆ వాదన ఎలా ఉండేదో తెలియాలంటే బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ చూడాలి. 70 శ్లోకాల చిన్న గ్రంథం. మొదటి 20 శ్లోకాలూ ఎదుటివాడి ఆక్షేపణలే. తన సిద్ధాంతాన్ని పడగొట్టే వాదన ఏదుందో దాన్ని ముందుగా, పూర్తి బలంతో చెప్పనిచ్చి, తర్వాత జవాబు మొదలుపెడతాడు. ఏ వస్తువూ తనంతట తాను నిలబడదు, ప్రతిదీ వేరే కారణాల మీద ఆధారపడి పుడుతుంది, ‘నేను’ కూడా అంతే అన్నది ఆయన పట్టు. శ్రీపర్వతంతో ఆయన బంధం గురించి మనకున్నది సంప్రదాయం చెప్పే మాట. శాతవాహన రాజుకు స్నేహితుడిగా ‘సుహృల్లేఖ’ రాశాడన్నది కూడా బౌద్ధ సంప్రదాయం గుర్తుపెట్టుకున్న సంగతి. ప్రశ్నను గౌరవించడం ఈ నేల నుంచి మనకొచ్చిన ఆస్తి.

చాలా శతాబ్దాలు దాటి 1882 మే నెలకు వస్తాను. మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ మీద నెల్లూరు వచ్చి, మళ్లీ కాలువ పట్టుకుని అది ఆగిపోయే పెదగంజాం దాకా వచ్చి, అక్కడి నుంచి పల్లకీల్లో గుంటూరు చేరారు దివ్యజ్ఞాన సమాజం స్థాపకులు మేడం బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్. గుంటూరులో ఆ సమాజం శాఖ ఏర్పడింది ఆ రాకతోనే. తర్వాత సమాజానికి కేంద్రమైన అడయారు తోటను వాళ్లు చూసింది ఈ ప్రయాణం ముగించుకుని మద్రాసు వెళ్లాకే. ఉపనిషత్తునీ బుద్ధుడి మాటనీ పడమటి శాస్త్రాన్నీ ఒకే బల్ల మీద పెట్టి చదవవచ్చన్న ధైర్యం మన వకీళ్లకూ పంతుళ్లకూ ఆ సమాజం ఇచ్చింది. దాని బలహీనతా త్వరలోనే బయటపడింది. లండన్‌లో అదే 1882లో పుట్టిన మానసిక పరిశోధనా సంఘం తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ అడయారులో జరిగాయని చెప్పుకున్న అద్భుతాలను విచారించి, అవి మోసమని 1885లో నివేదిక ఇచ్చాడు. ఆ తీర్పు మీద తర్వాత చాలా చర్చ జరిగింది. నాకు అందులో కనిపించే పాఠం ఒక్కటే: లోపలి అనుభవం గురించి చెప్పే మాట పరీక్షకు నిలబడాలి.

ఆ పరీక్షను తెలుగు గడ్డ మీద విశ్వవిద్యాలయం చదువుగా మలిచింది వాల్తేరు. సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి గారు అక్కడ తత్వశాస్త్రం బోధించారు. అద్వైతంలో శ్రుతికీ యుక్తికీ ఉన్న సంబంధం మీద ఆయన పుస్తకం 1959లో వచ్చింది. నాగార్జునుడి మీద కూడా పుస్తకం రాశారు. మా గుంటూరు జిల్లా పల్లె నుంచి బయల్దేరి యూజీసీ ఉపాధ్యక్షుడిగా, పద్మవిభూషణుడిగా ఎదిగిన పండితుడు ఆయన. అదే వాల్తేరు తత్వశాస్త్ర విభాగం నుంచి వచ్చినవారు కోనేరు రామకృష్ణారావు గారు (1932–2021). అమెరికా వెళ్లి డ్యూక్ విశ్వవిద్యాలయంలో, ఇంద్రియాలకు అందని ఎరుక ఉందా అని పరీక్షించే పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి.రైన్ దగ్గర పనిచేసి, తిరిగొచ్చి 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం నెలకొల్పారు. అలాంటి పేరుతో విశ్వవిద్యాలయ శాఖ ప్రపంచంలోనే అరుదు.

నేను అక్కడ చదివిన రోజుల్లో రైన్ కార్డులు పట్టుకున్నాను. కట్టలో 25 కార్డులు, ఐదు గుర్తులు: గుండ్రం, కూడిక గుర్తు, అలలు, చదరం, నక్షత్రం. ఒకరు తెర వెనక కార్డు తీస్తారు, ఇవతల కూర్చున్నవాళ్లు గుర్తు చెబుతారు. ఊరికే ఊహించినా సగటున ఐదు తగులుతాయి. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద ఎక్కించాలి, తర్వాత దిద్దకూడదు, తగిలినవీ తప్పినవీ సమానంగా లెక్కపెట్టాలి. ధ్యానం చేసేవాళ్లను ధ్యానానికి ముందూ తర్వాతా ఇలా పరీక్షించిన పరిశోధనలూ రామకృష్ణారావు గారి బృందం చేసింది. పారాసైకాలజీ చెప్పినవాటిని శాస్త్రలోకంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఎందుకంటే ఫలితాలు చేసిన ప్రతిచోటా నిలకడగా రాలేదు. నాకు ఆ బల్ల దగ్గర దొరికింది వేరే సంపద. తగిలిన నక్షత్రాన్ని మనసు పండగ చేసుకుంటుంది, తప్పిన పదింటినీ మరిచిపోతుంది. మన గురించి మనం చెప్పుకునే కథలన్నీ అలాగే అల్లుకుంటాయి. పెన్సిలూ కాగితమూ పట్టుకుని దాన్ని కళ్లారా చూడటం కూడా ఒక సాధనే. రామకృష్ణారావు గారు తర్వాత చైతన్యం మీదా, భారతీయ మనోవిజ్ఞానం మీదా జీవితమంతా పనిచేశారు. ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌తో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన భారతీయ మనోవిజ్ఞాన గ్రంథం 2008లో వచ్చింది. 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

డిగ్రీలతో పనిలేని దారి కూడా ఇక్కడ సాగింది. బాపట్లలో పుట్టిన అన్నదమ్ములు ఎక్కిరాల కృష్ణమాచార్య గారు, ఎక్కిరాల భరద్వాజ గారు. పెద్దాయన విశాఖలో 1971లో జగద్గురు పీఠం స్థాపించారు, చిన్నాయన ఒంగోలులో స్థిరపడి సాయి భక్తిని ఇంటింటికీ చేర్చారు. వేలమందికి వాళ్ల మాట ఊరట. గురువు చుట్టూ పెరిగే ఆ దారికీ, ప్రశ్న చుట్టూ పెరిగే విశ్వవిద్యాలయం దారికీ మధ్య రాకపోకలు మాత్రం పెద్దగా లేకపోయాయి.

ఇక మా పొలాల సంగతి. సాగర్ జలాశయంలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో విజయపురి లోయను తవ్వారు. దొరికినవాటిని నాగార్జునకొండ మీదికీ, జలాశయం ఒడ్డునున్న అనుపుకీ తరలించారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన నల్లపాడులో పీజీ సెంటరు తెరిచింది. 1976లో అదే నాగార్జున పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అయింది. కుడి కాలువ నీళ్లు మా నల్లరేగడికి చేరాక జొన్న, సజ్జ, వరిగ వెనకబడి పత్తీ మిరపా ముందుకొచ్చాయి. ధ్యానశాలల లోయను ముంచిన నీళ్లే మా ఇంట్లో నన్ను ఎం.ఏ. దాకా చదివించాయి. ఆ బాకీ ఎలా తీర్చాలన్న ఆలోచన నన్ను వదల్లేదు.

1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం పత్తిచేలను తెల్లదోమ కమ్మేసింది. పచ్చపురుగుకని కొత్త మందులు పదే పదే కొట్టడంతో దోమను తినే పురుగులు చచ్చి, దోమ రెచ్చిపోయింది. కొమ్మ తాకితే గుంపుగా లేచేది. ఆకుల మీద జిగురు, జిగురు మీద నల్ల మసి బూజు, పగిలిన కాయలో దూది కూడా అంటుకుపోయేది. పురుగుమందుల కొట్టులో అరువు, కమీషన్ కొట్టులో ప్రోనోటు, కౌలు బాకీ. పత్తి రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయారన్న వార్త మన రాష్ట్రం పెద్దగా విన్నది అప్పుడే.

మా నాన్న ఆ ఏడు చేను గట్టు మీద పొద్దస్తమానం కూర్చునేవాడు. అడిగితే “గుండెలో బరువుగా ఉందమ్మా, నిద్ర పట్టటంలేదు” అనేవాడు. మనసు బాగాలేదన్న మాట ఆయన నోటి వెంట రాలేదు, ఊళ్లో ఏ మగవాడి నోటా రాలేదు. బాకీ కన్నా ఎక్కువగా కుంగదీసింది పరువు. అప్పు తీర్చేవాడే నేను, అప్పు తీర్చలేకపోతే నేను లేను అన్న లెక్క. ఒక రాత్రి ఆయన పక్కన కూర్చుని నష్టం ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటీ చెప్పమన్నాను. విత్తనం, వాన, మందు, దోమ, వడ్డీ, ధర అంటూ వేళ్లు మడిచాడు. చివరికి “ఇందులో నా ఒక్కడిదే తప్పు కాదన్నమాట” అన్నాడు. నాగార్జునుడు తర్కంతో చెప్పింది మా నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి చూశాడు. తర్వాత రామాలయంలో భజనకు వెళ్లడం మొదలుపెట్టాడు. పది గొంతుల్లో తన గొంతు కలిసినప్పుడు ఆ పరువు బరువు కాస్త తగ్గేదని తనే అన్నాడు. బాకీ తీరడానికి ఏళ్లు పట్టింది. మనిషి మాత్రం మాకు మిగిలాడు.

అందుకే ఈ చదువును నేను తీరిక ఉన్నవాళ్ల వ్యక్తిత్వ వికాసంగా చూడలేను. కుదించుకుపోయిన ‘నేను’ను విశాలం చేయడం మా వైపు బతుకూ చావూ సమస్య. ధ్యానమో భజనో అన్ని జబ్బులకూ మందు కాదు. ముదిరిన కుంగుబాటుకు డాక్టరు కావాలి, మందు కావాలి, ధరా రుణమూ సరిచేసే ప్రభుత్వమూ కావాలి. వీటన్నిటితో పాటు, పక్కన కూర్చుని మాట్లాడటం తెలిసిన మనిషీ కావాలి. అలాంటి మనిషిని తయారుచేసేది చదువే.

ఆ చదువుకు కావలసిన ముక్కలన్నీ మన దగ్గర విడివిడిగా ఉన్నాయి. నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. గుంటూరులో వైద్య కళాశాల, పెద్దాసుపత్రి ఉన్నాయి. లెక్కపెట్టి పరీక్షించే పద్ధతిని వాల్తేరు నేర్పింది. ఒకే గొడుగు కింద రెండేళ్ల పీజీ పెట్టాలి. ఉదయం ఎదుటివాడి వాదనను ముందు పెట్టుకుని గ్రంథం చదవాలి. రోజూ ఒక గంట మౌనంగా కూర్చోవాలి, దాని ఫలితాన్ని నిజాయితీగా నమోదు చేయాలి. వారంలో రెండు రోజులు పల్లెలో, మిర్చి యార్డులో, పిల్లలు ర్యాంకుల భారంతో నలిగే హాస్టళ్లలో పనిచేయాలి. కూలికొచ్చే ఆడవాళ్లు, కౌలు రైతులు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారో ఆ మాటల్లోనే వినడం నేర్చుకోవాలి.

డబ్బు ఎవరిస్తారని అడుగుతారు. టిక్కీల లెక్కన మిర్చి అమ్మే యార్డు, కోల్డ్ స్టోరేజీల యజమానులు, అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు గుళ్లకూ కల్యాణ మండపాలకూ ఇస్తూనే ఉన్నారు. ఈ మైదానంలో పంట డబ్బుతో మనసు చదువు నడిపించడం కొత్త సంగతేమీ కాదు, 1,700 ఏళ్ల నాడే అది మన ఆచారం. మొదటి ఏడాది పదిమంది విద్యార్థులు, ముగ్గురు మంచి గురువులు, ఒక హాలు ఉంటే చాలు. ఆ పదిమందిలో ఒక్కొక్కరు ఒక్కో మండలానికి వెళ్లి పనిచేస్తే, వచ్చే తెల్లదోమ ఏడు మనం మనుషుల్ని పోగొట్టుకోనక్కర్లేదు.