రెండు కర్మాగారముల బిడ్డ



లండను నగరమున నార్త్ సర్క్యులర్ రోడ్డు ప్రక్కను 1938లో ఏస్ కెఫే యను ఫలహారశాల వెలసెను. యుద్ధమున బాంబులపాలై, 1949లో మరల కట్టబడినది. లారీలు తోలువారికై పెట్టినదే గాని, కొలదికాలములోనే మోటారు సైకిళ్ల మోజుగల యువకులకు రచ్చబండ యైనది. మన యూళ్లలో ఎడ్లజతల మంచిచెడ్డలు తర్కించునట్లే వారచట బండ్ల బలాబలములు తర్కించుచుండిరి.

నార్టన్ కంపెనీవారి ఫెదర్‌బెడ్ చట్రము మలుపులలో తొట్రుపడదు. బెల్‌ఫాస్టు వాస్తవ్యుడగు రెక్స్ మెకాండ్లెస్ దానిని కల్పించెను. ట్రయంఫువారి జంట సిలిండర్ల ఇంజనో, తేలికయైనది. దాని వేగము పెంచుకొనుట సులభము. ఈ రెండును ఒక్క అంగడిలో దొరకవు. అప్పుడొక చిత్రము జరిగెను. 500 సి.సి. పందెపు కార్లు కట్టువారికి నార్టన్ ఇంజను కావలసియుండెను. కంపెనీవారు దానిని విడిగా అమ్మరైరి. కావున వారు బండినంతయు కొని, ఇంజను నూడదీసికొని, చట్రమును వదలుకొనుచుండిరి. అట్టి చట్రములలో ట్రయంఫ్ ఇంజను నిమిడ్చి యువకులు ‘ట్రైటన్’ను తయారుచేసిరి. పేరును సగము సగమే!

1959లో ట్రయంఫువారు బానవిల్ అను క్రొత్తబండిని తెచ్చిరి. అది గంటకు నూరు మైళ్లు మించి పరుగిడును. అయినను చట్రము మాట వచ్చినపుడు ట్రైటను పక్షమే సమంజసమని నాకు తోచును.

నూరు మైళ్లందుకొనుటయే వారికి పరువు. ఆ పరువుకై రహదారులపై ప్రాణములు కోల్పోయినవారు పెక్కురు. నాటి బ్రేకులు అంత వేగమునకు చాలవు. శిరస్త్రాణము తప్పనిసరియను శాసనము బ్రిటనులో 1973లో గాని రాలేదు. అప్పటికే, 1969లో, ఏస్ కెఫే మూతపడియుండెను. 2001లో దానిని మరల తెరచిరి.