ఇంజనీరింగు, సంగీతం, ఛాయాచిత్రకళ: కలిసి నడిచిన విద్యలు

ఛాయ అంటే నీడ. ఛాయాచిత్రం అంటే వెలుగునీడలతో ఏర్పడిన చిత్రం. ఇంట్లో మనం దానిని ఫొటో అంటాం, గ్రంథాలలో ఛాయాచిత్రం అని చదువుతాం. తెలుగు మళ్లీ నేర్చుకొంటున్నవారు రెండు మాటలనూ తమవిగానే భావించవచ్చు.

మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి వాయవ్యంగా ఉన్న నోవై పట్టణం మోటారు వాహనాల పరిశ్రమకు చేరువైనది. అక్కడి తెలుగు కుటుంబాలలో ఇంజనీర్లు ఎక్కువ. పగలు యంత్రాల లెక్కలు చూసుకొని, సాయంత్రం వయొలిన్ సాధన చేసి, సెలవునాడు కెమెరా భుజాన వేసుకొని బయలుదేరేవారు వారిలో కనిపిస్తారు. ఒక పని సరిగా చేస్తే చాలదా, ఇన్ని ఎందుకని పెద్దలు అడగడం మామూలే. తోటలలో కూలి చేసి బతికిన మన పూర్వులకు ఒక్క జీవనాధారం నిలుపుకోవడమే గొప్ప గనుక ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయినా ఈ విద్యలు ఒకదానికొకటి అడ్డు కావని, ఒకటి మరొకదానికి పనిముట్టు అవుతుందని చరిత్ర చూపుతున్నది.

మొదట చెప్పవలసిన పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన తెలుగువారు కారు. 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. కానీ ఆయన కీర్తికి నిలయమైనవి మన హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలే. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో చేరారు. భవనాల అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. 1874 ప్రాంతంలో ఫొటోలు తీయడం ప్రారంభించారు. ఉద్యోగం వెంటనే వదలలేదు, సంవత్సరాల తరబడి రెండూ సాగించారు. ఈ సంగతి మా దృష్టిలో ముఖ్యమైనది.

మధ్య భారతంలోని ప్రాచీన కట్టడాలను ఆయన తీసిన చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1880ల నడుమ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమితులయ్యారు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఘోషా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా మరొక స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1905లో ఆయన మరణించారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

ఆయన తీసిన కట్టడాల చిత్రాలలో ఇంజనీరు కన్ను స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తైన గోపురాన్ని ఫొటో తీయడానికి కెమెరాను పైకి వంచితే గోడలు వెనక్కు వాలినట్లు పడతాయి. ఆనాటి పెద్ద కెమెరాలలో వెనుక పలకను నిట్టనిలువుగా ఉంచి, ముందున్న కటకాన్ని మాత్రమే పైకి జరిపే వీలుండేది. అలా చేస్తే నిలువు గీతలు నిలువుగానే నిలుస్తాయి. ఇది తాపీ మేస్త్రి తూకపు గుండు కట్టి గోడ చూసుకోవడం వంటిదే. నక్షా గీసిన చేతికి ఈ మెలకువ కొత్తగా చెప్పనక్కరలేదు.

సంగీతం సంగతికి వస్తే అమెరికాకే తిరిగి రావాలి. లియొపాల్డ్ మానెస్ పియానో వాద్యకారుడు. లియొపాల్డ్ గొడౌస్కీ వయొలిన్ వాద్యకారుడు, ప్రఖ్యాత పియానో విద్వాంసునికి కుమారుడు. పేర్లు ఒకటే కావడం కేవలం యాదృచ్ఛికం. న్యూయార్కులో బడి పిల్లలుగా ఉన్నప్పుడు ఒక రంగుల సినిమా చూసి, ఆ రంగులు బాగా లేవని తలచి, తామే మెరుగైనవి చేయాలని పూనుకొన్నారు. కచేరీలు, పాఠాలు సాగిస్తూనే వంటగదులలో, స్నానపు గదులలో ప్రయోగాలు చేశారు. 1930లో కొడాక్ సంస్థ వారిని రోచెస్టరులోని తన పరిశోధనాశాలకు పిలిపించుకొంది. 1935లో వారి కోడాక్రోమ్ ఫిల్ము మార్కెట్టుకు వచ్చింది. మొదట సినిమా కెమెరాల కోసం, మరుసటి ఏడాది స్లైడుల కోసం.

ఆ ఫిల్ముపై వెలుగును గ్రహించే పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. వేర్వేరు పొరలు వేర్వేరు రంగుల వెలుగును పట్టుకొంటాయి. రసాయనం పై పొరలో పని ముగించి కింది పొరకు దిగకముందే ఆపాలి. అంటే కొన్ని సెకన్ల తేడాతో రంగు చెడిపోతుంది. గది కటిక చీకటి, గడియారం చూడడానికి వీలులేదు. అప్పుడు వారిద్దరూ బ్రామ్స్ తొలి సింఫొనీ చివరి భాగాన్ని సెకనుకు రెండు దెబ్బల చొప్పున ఈల వేస్తూ కాలాన్ని లెక్కించారు. తాళం వేస్తూ పాట నేర్చుకొన్నవారికి ఇందులో వింత కనిపించదు. లయ తప్పనివాడికి వేరే గడియారం అక్కరలేదు. పక్క గదుల శాస్త్రజ్ఞులకు మాత్రం అది వింతగానే తోచిందట.

ప్రకృతి దృశ్యాల ఛాయాచిత్రాలకు పేరుపొందిన ఆన్సెల్ ఆడమ్స్ కూడా యౌవనంలో పియానో విద్వాంసుడు కావాలని సాధన చేసినవారే. తరువాత నలుపు నుండి తెలుపు వరకు వెలుగును మెట్లుగా విభజించే పద్ధతిని ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించారు. ఆ మెట్లు మాకు స్వరస్థానాలను తలపిస్తాయి.

మన వంశాలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధమే ఉంది. దీన్‌దయాళ్ కెమెరా పట్టడానికి ముందే, మారిషస్‌లో 1867 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలీలు తమ ఫొటో అతికించిన టికెట్టును వెంట ఉంచుకోవలసి వచ్చేది. అలాంటి ఫొటోలు, రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ చిత్రాలు మనిషిని గుర్తుపట్టడానికి తీసినవి, గౌరవించడానికి కాదు. అయినా ఎన్నో కుటుంబాలకు ముత్తాత ముఖం చూపేవి అవే.

తరువాతి తరం వారు, తమ చేతి కెమెరాతో, తమ ఇష్టప్రకారం తీసుకొన్న పెళ్లిళ్లు, పండుగలు ఇంటి అటకల మీద స్లైడు పెట్టెలలో ఉండవచ్చు. చట్రం మీద కోడాక్రోమ్ అని ఉంటే అదృష్టమే. చీకటిలో దాచిన కోడాక్రోమ్ రంగులు దశాబ్దాలపాటు నిలుస్తాయి. కానీ ప్రొజెక్టరు వెలుగులో మాటిమాటికీ చూపితే త్వరగా వెలిసిపోతాయి. కాబట్టి ఒకసారి స్కాను చేయించి, అసలు స్లైడులను చల్లని, పొడి, చీకటి చోట ఉంచాలి. అట్టచట్రం మీద మనుషుల పేర్లు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాయాలి, అదీ తెలుగు అక్షరాలలో. పేర్లు చెప్పగల పెద్దవారు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టాలి.